లైఫ్‌బోటు వ్యూ

ఫిలింనగర్‌లో చాన్నాళ్ళు కాపురం చేస్తే మనిషికొక అలవాటు పడుతుంది. ఏ గేటు దగ్గరైనా వాచ్‌మన్ ఆపి "ఎవరు సార్?" అంటే సొంత పేరు చెప్పడు. "ఫలానా వారి తాలూకు" అంటాడు. ప్రీరిలీజు ఫంక్షను పాసు, బెనిఫిట్ షో టికెట్టు, మనవడి ఎల్‌కేజీ సీటు, ఆఖరికి పెళ్ళిభోజనంలో మొదటి బంతి కూడా ఆ తాలూకుతోనే నడుస్తాయి. నేనూ అలా నెట్టుకొచ్చినవాణ్ణే. వృత్తి, సినిమాలకి కథాచర్చలు, మాటసాయం. టైటిల్స్‌లో నా పేరు 'కథా సహకారం' కింద ఓ గుంపులో పడుతుంది. మా ఆవిడ తప్ప ఎవరూ చదివిన దాఖలా లేదు. ఆవిడ కూడా ఓటీటీలో పాజ్ చేసి చదివింది.

అలాంటివాణ్ణి ఓడెక్కి వచ్చాను. జూబ్లీహిల్స్‌లో ఒక్కసారి వెళ్ళొచ్చినవాడు నిపుణుడి కిందే లెక్క కాబట్టి, క్రూయిజుకి వెళ్దామనుకునేవాళ్ళు ఇప్పుడు నన్ను సలహా అడుగుతున్నారు. వాళ్ళకి ముందుగా చెప్పేది ఇదీ: ఓడ మీద తాలూకు చెల్లదు. అక్కడ కార్డుంటుంది, గడియారం ఉంటుంది, షరతుల కాగితం ఉంటుంది. ఈ మూడింట్లో దేనికీ మనం ఎవరిచేతా ఫోన్ చేయించలేం.

ఓడల సంగతి నాకు బొత్తిగా తెలియదని కాదు. సముద్రం చూడాలంటే సూర్యలంక దాకా పోవలసిన ఊళ్ళో కూర్చుని ఓడ సీన్లు రాసినవాణ్ణి. మా ఓడ స్టూడియో ఫ్లోర్‌లో ప్లైవుడ్‌తో లేస్తుంది. కిటికీ బయట బ్లూ మ్యాట్. తుఫాను కావాలంటే కెమెరామన్ కెమెరాని ఓ పక్కకి ఊపుతాడు, ఆర్టిస్టులు ఇంకో పక్కకి ఊగుతారు, సెట్ బాయ్ బకెట్టుతో నీళ్ళు కొడతాడు. కెప్టెన్ వేషగాడు నా డైలాగు చెప్పగానే తుఫాను చల్లబడుతుంది. ఈ అనుభవం చూసుకునే, "షిప్పు సంగతి నాకొదిలెయ్" అన్నాను మా ఆవిడతో.

మా ఆవిడ బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరైంది. షరతుల కాగితం చేతికిస్తే కళ్ళజోడు తుడుచుకుని మరీ చదువుతుంది. ఆవిడకి వదిలేసి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

ఎక్కడికన్న దగ్గరే మొదటి పేచీ. వైజాగ్ నుంచి వెళ్దామంది ఆవిడ. మంచి ఆలోచనే. 2022 జూన్‌లో కార్డీలియా వాళ్ళ 'ఎంప్రెస్' అనే ఓడ విశాఖకి వచ్చి పుదుచ్చేరి, చెన్నై వైపు జనాన్ని తీసుకెళ్ళింది. 2023 సెప్టెంబరులో విశాఖ పోర్టులో క్రూయిజు టెర్మినల్ కూడా తెరిచారు. పాస్‌పోర్టు, వీసా తలనొప్పి లేకుండా మన నీళ్ళలో మనం తిరిగి రావచ్చు. చిక్కల్లా ఏమిటంటే అది సిటీ బస్సు కాదు. ఏడాది పొడుగునా విశాఖ నుంచి కదలదు, వచ్చే రోజులు ముందే ప్రకటిస్తారు. అవి చూసుకుని సెలవు పెట్టుకోవాలి గాని, సెలవు పెట్టేసి ఓడ కోసం వెతికితే దొరకదు. ఇంకో సంగతి, బంగాళాఖాతం జూన్ నుంచి సెప్టెంబరు దాకా రుతుపవనాల చేతిలో, అక్టోబరు నవంబరుల్లో తుఫాన్ల చేతిలో ఉంటుంది. కడుపు బలహీనమైనవాళ్ళు డిసెంబరు నుంచి మార్చి దాకా చూసుకుంటే మేలు.

మా అత్తయ్యగారు అసలు పాపికొండలు చాలన్నారు. ఆవిడది కాకినాడ. క్రూయిజంటే ఆవిడకి 1973లో వచ్చిన బాపు గారి 'అందాల రాముడు'. రాజమండ్రి నుంచి భద్రాచలానికి పడవ, అందులో నాగేశ్వరరావు, పడవనిండా రకరకాల జనం. "అంతకంటే ఏం చూపిస్తారు నాయనా సింగపూర్లో?" అన్నారు. పైగా వాళ్ళ తాతగారు కాకినాడ నుంచి రంగూన్ వెళ్ళినవాడు, డెక్కు మీద, సొంత చాప పరుచుకుని. ఆ రోజుల్లో మన జిల్లాల నుంచి వేలమంది అలాగే వెళ్ళారు. బర్మాలో తెలుగువాణ్ణి కోరంగీ అనే పిలిచేవారు. అందుకని ఓడ అనగానే అత్తయ్యగారు అడిగిన మొదటి ప్రశ్న, "చాప మనమే తీసుకెళ్ళాలా?"

నిజానికి నీళ్ళంటే భయమో కాదో తెలియనివాళ్ళకి చిన్న పరీక్ష ఉంది. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి తెలంగాణ టూరిజం లాంచీ, జలాశయం నిండుగా ఉన్న రోజుల్లో. పగలల్లా నీళ్ళ మీదే గడుస్తుంది. అందులో విసుగెత్తినవాడికి క్రూయిజు అక్కర్లేదు. ఈ సలహా నాకు అప్పుడు తోచలేదు. వైజాగ్ అంటే లొకేషను, సింగపూర్ అంటే ఫారిన్ షెడ్యూలు అని నా లెక్క. ఫిలింనగర్‌లో ఉంటూ మొదటి ఓడ వైజాగ్‌లో ఎక్కానంటే పరువేం కాను? సింగపూరే ఖాయం చేశాను. తర్వాత తెలిసింది, అటు మలయా, ఇటు సుమత్రా కాపు కాసే మలక్కా జలసంధి మామూలుగా నెమ్మదిగానే ఉంటుందని, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి అనువైన దారేనని. అంటే పరువు కోసం తీసుకున్న నిర్ణయం పొరపాటున సరైందయింది. ఈ ప్రయాణంలో నాకు దక్కిన ఘనత అదొక్కటే.

ఇక గది. ఓడలో గదులు మూడు నాలుగు తరగతులు. కిటికీ లేని లోపలి గది అన్నిటికంటే చవక. మిట్టమధ్యాహ్నం కూడా దీపం ఆర్పితే అర్ధరాత్రే, నిద్రపోతులకి స్వర్గం. తరవాత కిటికీ గది, ఆ కిటికీ తెరుచుకోదు. ఆ పైన బాల్కనీ, ఆ పైన స్వీటు. ఊగుడు తక్కువ కావాలంటే ఓడ నడిమధ్యన, కింది అంతస్తుల్లో తీసుకోవాలి. ముక్కు దగ్గరా తోక దగ్గరా పై అంతస్తుల్లో ఊపు ఎక్కువ. ఇదంతా మా ఆవిడ ఓ కాగితం మీద రాసిచ్చింది. నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నిర్మాత తాలూకు ట్రావెల్స్ కుర్రాడి దగ్గరికి వెళ్ళాను. "మీరు మనవాళ్ళు సార్, బాల్కనీ సగం రేటుకి ఇప్పిస్తా" అన్నాడు. సగం రేటు పక్కన చిన్న అక్షరాల్లో 'అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ' అని ఉంది. సినిమావాణ్ణి కదా, అదేదో కెమెరా యాంగిల్ అనుకున్నాను.

గది తలుపు తీసి, పరదా లాగి, బాల్కనీలో అడుగు పెట్టిన క్షణం చెప్తాను. రెయిలింగు అవతల చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఒక బ్రహ్మాండమైన నారింజరంగు పొట్ట. లైఫ్‌బోటు. దాని అడుగున నట్లూ బోల్టులూ, నల్లటి తాడూ, ఓ మూల ఉప్పు పేరుకున్న చార. పొట్టకీ రెయిలింగుకీ మధ్య సందులోంచి తొంగిచూస్తే బెత్తెడు సముద్రం. వంగితే ఇంకో బెత్తెడు. మా ఆవిడ నా వెనక నిలబడి చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "పోన్లెండి, మునిగితే మొదట మనమే ఎక్కుతాం" అంది. అదీ అబద్ధమే, ఎవరు ఏ పడవెక్కాలో కార్డు మీద రాసి ఉంటుంది, మాది ఓడకి అవతలి పక్కన.

గది ఒకటే, మనుషులం ముగ్గురం. మూడో మనిషికి టికెట్టు బాగా తగ్గుతుందని తెలిసి అత్తయ్యగారిని కూడా అదే గదిలో వేయించాను. మూడో మంచం ఎక్కడుంటుందో అడగలేదు. సాయంత్రం గది సర్దే కుర్రాడు వచ్చి తాళంచెవి తిప్పితే కప్పులోంచి ఊడి కిందికి దిగింది, పక్కనే ఓ చిన్న నిచ్చెన. డెబ్బై దాటిన అత్తగారిని ఎక్కించలేం, మోకాళ్ళ నొప్పుల భార్యని ఎక్కించలేం. మిగిలింది కథా సహకారం. ముగ్గురు పెద్దవాళ్ళు వెళ్ళేటట్టయితే లోపలి గదులే రెండు తీసుకోండి. లైఫ్‌బోటు చూసే బాల్కనీ కంటే హాయి, ఖర్చులో కూడా పెద్ద తేడా ఉండకపోవచ్చు, అడిగి చూడండి.

కాగితాల గురించి ఒక మాట. ఓడ సింగపూర్లో మొదలై సింగపూర్లో ఆగుతుంది కాబట్టి ఒకసారి వెళ్తే సరిపోతుందనుకోకండి. మధ్యలో వేరే దేశం రేవులో ఆగి వస్తాం గనక రెండోసారి సింగపూర్లోకి వస్తున్నట్టే లెక్క. వీసా మల్టిపుల్ ఎంట్రీయో కాదో చూసుకోవాలి, అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ నింపాలి. మలేషియా, థాయిలాండ్ నియమాలు మారుతూ ఉంటాయి, టికెట్టుకి ముందు ఒకసారీ బయల్దేరేముందు ఒకసారీ చూడాలి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి అలాస్కా క్రూయిజు ఎక్కేవాళ్ళు మా పేటలో ఎక్కువ. వాళ్ళకి ఇంకా పెద్ద గొయ్యి ఉంది. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళి సియాటిల్‌కే వచ్చే ఓడ మధ్యలో కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది. వేరే దేశపు జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యే జనాన్ని తిప్పకూడదని 1886 నాటి చట్టం ఒకటుంది, అందుకని ఆ మజిలీ. రాత్రి ఏ ఎనిమిదింటికో ఆగే ఆ కాస్త సేపటికి, మనం దిగినా దిగకపోయినా, భారత పాస్‌పోర్టువాళ్ళకి కెనడా వీసా కావాలి. కేబీఆర్ పార్కులో నాతో నడిచే ఒకాయన అల్లుడు ఈ సంగతి చివర్లో తెలుసుకుని టికెట్టు వదులుకున్నాడు. ఆయన ఇప్పటికీ అల్లుడి పక్కన నడవడు.

మా సామాన్ల కథకి వస్తాను. టెర్మినల్లో పెద్ద పెట్టెలు తీసేసుకుంటారు, సాయంత్రానికి గది ముందు పెడతారు. అందుకని మందులు, స్నానం బట్టలు, చార్జరు, పాస్‌పోర్టు చేతిసంచిలో ఉండాలి. నా బీపీ మాత్రలు పెద్ద పెట్టెలో, అడుగున, పంచెల కింద ఉన్నాయి. మధ్యాహ్నమంతా ఈతకొలను పక్కన అందరూ చెడ్డీల్లో ఉంటే నేను జీన్సు ప్యాంటుతో, బూట్లతో, ఎండలో. ఎవరో నన్ను సెక్యూరిటీ అనుకుని లిఫ్టు ఎటని అడిగారు.

సాయంత్రం అందరి పెట్టెలూ వచ్చాయి, నాది రాలేదు. కింది అంతస్తులో ఒక గదికి రమ్మని కబురు. అక్కడ నాలాంటి వాళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు: ఇస్త్రీపెట్టె తెచ్చినవాడొకడు, ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చినవాడొకడు. ఓడలో అన్నిటికంటే భయపడేది నిప్పుకి, అందుకని వేడెక్కే సామాను ఏదీ రానివ్వరు. నా పెట్టెలోంచి, పట్టుపంచెలో చుట్టిన ఎలక్ట్రిక్ కుక్కరు బయటికి తీసి బల్ల మీద పెట్టారు. దాని లోపల సోనామసూరి బియ్యం. బియ్యంలో, పగలకుండా ఉండాలని, అత్తయ్యగారి ఆవకాయ సీసా.

బల్ల అవతల కుర్రాడు నా పాస్‌పోర్టు చూసి తెలుగులో పలకరించాడు. సోంపేట వాడట. నా ప్రాణం లేచొచ్చింది. మనవాడు! వెంటనే మొదలెట్టాను. ఫిలింనగర్, ఫలానా సినిమా, ఫలానా హీరోకి నేను రాసిన డైలాగు. అబ్బాయి నవ్వుతూ అంతా విన్నాడు. ఆ సినిమా రెండుసార్లు చూశానన్నాడు, ఆ డైలాగు చెప్పి కూడా చూపించాడు. ఆ నవ్వుతోనే కుక్కరుకి చీటీ కట్టి, "దిగేటప్పుడు తీసుకోండి సార్, రసీదు జాగర్త" అన్నాడు. ఆవకాయకి రసీదు కూడా లేదు. ఇంట్లో చేసిన తిండి లోపలికి రాకూడదట. సీలు వేసిన కొన్న ప్యాకెట్లయితే సాధారణంగా ఫరవాలేదన్నాడు. కాబట్టి కందిపొడి, కారప్పొడి, పచ్చడి, ఏదైనా కొట్లో కొన్న సీలు ప్యాకెట్టే తీసుకెళ్ళండి, అదీ మీ ఓడ నియమాలు చూసుకుని. అత్తయ్యగారు కుక్కరుకి బాధపడలేదు. సీసాకి బాధపడ్డారు. సీసా పాతది.

అన్నానికి లోటు లేదు, ఆ దిగులు అక్కర్లేదు. సింగపూర్ నుంచి వెళ్ళే ఓడల్లో మనవాళ్ళు బాగా ఎక్కుతారు కాబట్టి భారతీయ శాకాహారం దొరుకుతుంది. జైన భోజనం కావాలన్నా ముందే చెప్పాలి, ఎక్కాక కాదు. పెరుగు మాత్రం పొద్దున టిఫిన్ల బల్ల మీదే కనిపించింది, తీపి లేనిది. మధ్యాహ్నం పెరుగన్నం తినేవాళ్ళు సిబ్బందిని మంచిగా అడిగితే తెచ్చిపెడతారు. అత్తయ్యగారు మొదటి పూటే సర్వర్‌ని "బాబూ" అని పిలిచారు. ఫిలిప్పీన్స్ అబ్బాయి, ఆ మాట ఏమర్థమైందో గాని తరవాత ఏ పూటా ఆవిడకి పెరుగు తప్పలేదు. నేను 'ఎక్స్‌క్యూజ్ మీ' అంటే మాత్రం వినపడేది కాదు.

ఒక రాత్రి ఫార్మల్ నైట్. మంచి బట్టలు వేసుకుని భోజనానికి రావాలి. ఆడవాళ్ళకి పట్టుచీర ఉంటే ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు, మగవాళ్ళకి షేర్వాణీ, లాల్చీ, కోటు ఏదైనా చెల్లుతుంది. కొత్తగా సూటు కుట్టించకండి. అలాగని నాలాగా కృష్ణానగర్లో తెలిసిన కాస్ట్యూమర్ని అడిగి షేర్వాణీ అరువు తీసుకోకండి. బంగారు జరీ పని, మెడ చుట్టూ రాళ్ళు, చూడ్డానికి దివ్యంగా ఉంది. భోజనాల బల్ల దగ్గర అత్తయ్యగారు నా కాలరు వెనకనుంచి బయటికొచ్చిన తెల్లగుడ్డ ముక్కని పట్టుకుని, కళ్ళజోడు సవరించుకుని, పక్కబల్లకి కూడా వినపడేలా చదివారు: "విలన్ తమ్ముడు. సీన్ నలభై రెండు. ఎంగేజ్‌మెంట్." అక్కడితో పోతే బాగుండేది. కాసేపటికి సర్వర్లందరూ పాట పాడుతూ వచ్చారు, అందరూ చేతిగుడ్డలు తిప్పాలన్నారు. నేనూ చెయ్యెత్తి తిప్పాను. వెనక బర్రుమని చప్పుడైంది. సీన్ నలభై రెండులో ఫైటుంటుంది. హీరో లాగితే ఊడిరావాలని షేర్వాణీ వీపు మీద వెల్క్రో పెట్టి కుట్టారు.

హాస్యం పక్కన పెట్టి చెప్పవలసిన మాట ఒకటుంది. ఓడ కదిలేలోపు మస్టర్ డ్రిల్ ఉంటుంది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినపడితే ఎక్కడికి రావాలి, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలి అని చూపిస్తారు. నేను ఆ టైముకి మంచమ్మీద ఉన్నాను. ఓడ ఇంకా రేవుకి కట్టేసి ఉండగానే ముందుజాగ్రత్తగా వాంతుల మాత్ర మింగి మత్తుగా పడుకున్నాను. మైకులో నా పేరు, గది నంబరు పలికారు. నిద్రమత్తులో, ఏదో ఫంక్షన్లో వేదిక మీదికి పిలుస్తున్నారనుకుని జుట్టు దువ్వుకున్నాను కూడా.

రెండోసారి పిలిచేసరికి మా ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. 2012 జనవరిలో ఇటలీ తీరాన 'కోస్టా కాంకార్డియా' రాతికి కొట్టుకుని ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు; ఆ సాయంత్రం ఎక్కినవాళ్ళకి అప్పటికింకా డ్రిల్లే జరగలేదు, ఎక్కిన ఇరవైనాలుగు గంటల్లో చేస్తే చాలన్నది అప్పటి నియమం. 2015 నుంచి బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో చెయ్యాలని మార్చారు. అంత దూరం ఎందుకు, 2019 సెప్టెంబరులో మన గోదావరి మీద కచ్చులూరు దగ్గర బోటు మునిగి యాభై మందికి పైగా పోయారు. డ్రిల్లుకి వెళ్ళండి. మాత్ర కూడా డాక్టర్ని అడిగి, చెప్పిన వేళకే వేసుకోండి.

ఫోను సంగతి. ఓడ రేవు దాటగానే ఫోన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. ఓడకి సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, శాటిలైట్ మీద నడుస్తుంది, మన రోమింగ్ ప్యాకు దానికి వర్తించకపోవచ్చు. ఇది కూడా మా ఆవిడ కాగితంలో ఉంది. నేను ఫోన్ ఆపలేదు, ఎందుకంటే ఒక నిర్మాత సెకండాఫ్ వింటానన్నాడు. సరిగ్గా నడిసముద్రంలో విన్నాడు. ఇంటర్వెల్ దగ్గర మొదలెట్టి క్లైమాక్స్ దాకా, ఫైట్లకి నోటితో చప్పుళ్ళు కూడా చేసి చెప్పాను. "బాగుంది, ఇంకోసారి కూర్చుందాం" అన్నాడు. పరిశ్రమలో ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. నెల తిరక్కుండా ఫోన్ బిల్లు వచ్చింది. నా జీవితంలో కథ చెప్పినందుకు డబ్బు నేను కట్టడం అదే మొదలు. అడ్వాన్సు ఇవ్వని నిర్మాతలు చాలామంది తగిలారు గాని, ఇది కొత్త.

ఓడలో డబ్బు చేతులు మారదు, అన్నీ కార్డు మీదే. అందుకే ఖర్చయినట్టు తెలియదు. టికెట్టులో తిండి ఉంటుంది, మామూలు నీళ్ళూ టీ కాఫీలూ ఉంటాయి; గది బల్ల మీద అందంగా పెట్టిన నీళ్ళసీసా ఉండకపోవచ్చు. సర్వీసు చార్జీ మనిషికింత, రోజుకింత అని దానంతటదే పడిపోతుంది. వైఫై వేరు, మందు వేరు, ప్రత్యేక రెస్టారెంట్లు వేరు. ఎక్కే ముందే ఇది కలిపి లెక్కేసుకుంటే టికెట్టు అసలు ధర తెలుస్తుంది. ఫొటోలు కూడా డబ్బే. మెట్ల దగ్గర, భోజనం దగ్గర, చివరికి చిలక వేషం వేసినవాడి దగ్గర కూడా ఫొటోగ్రాఫర్ ఉంటాడు. స్టిల్ ఫొటోగ్రాఫరంటే మనకి కంపెనీ ఖర్చే కదా, అడిగినన్ని తీయించుకున్నాను. ఆ తరవాత గ్యాలరీలో అవన్నీ గోడమీద వేలాడుతున్నాయి, ఒక్కొక్కదాని కింద ధర. మా ఆవిడ గోడ మొదట్నుంచి చివరి దాకా నడిచి, "ఇందులో నేను రెండిట్లో ఉన్నాను" అంది.

ఇక ఫుకెట్. అక్కడ ఓడ ఒడ్డుకి రాదు, దూరంగా లంగరేస్తుంది, చిన్న పడవల్లో దించుతారు. తిరిగి రావలసిన ఆఖరి పడవ టైము పొద్దున్నే చెప్తారు. ఓడవాళ్ళ టూరు మీద వెళ్తే ఆలస్యమైనా ఓడ ఆగుతుంది, సొంతంగా తిరిగితే ఆగదు. సినిమాలో ఏడింటి కాల్‌షీటుకి పదకొండింటికి మొదటి షాటు తీసే వాతావరణంలో పెరిగినవాణ్ణి, 'నాలుగు' అంటే నాకు 'నాలుగూ, ఆపైన' అని వినపడింది. కానీ అసలు ప్రమాదం అది కాదు. థాయిలాండ్ టైము సింగపూర్ టైముకి ఒక గంట వెనక. మా ఓడ సింగపూర్ టైము మీదే నడుస్తోంది. ఒడ్డున కాలు పెట్టగానే నా ఫోను చెప్పాపెట్టకుండా గంట వెనక్కి తిప్పుకుంది. నేను కొబ్బరి బొండం తాగుతూ, ఇంకా బోలెడు టైముందని మసాజు షాపు బేరమాడుతున్నాను.

అత్తయ్యగారి చేతికి పాత హెచ్‌ఎంటీ. రోజూ పొద్దున కీ ఇచ్చుకుంటారు. ఓడ ఎక్కిన రోజున లిఫ్టు దగ్గర గోడగడియారం చూసి సరిచేసుకున్నారు, దానికి థాయిలాండ్ వచ్చిన సంగతి తెలియదు. "అల్లుడుగారూ, మూడున్నరైంది" అన్నారు. "లేదండీ, ఇంకా రెండున్నరే, ఫోన్ చూడండి" అన్నాను. ఆవిడ ఫోన్ చూడలేదు. చీర కుచ్చెళ్ళు బిగించి రేవు వైపు నడక మొదలెట్టారు. మా ఆవిడ వాళ్ళమ్మ వెనకాల. నేను బొండం పట్టుకుని వాళ్ళ వెనకాల, వాదిస్తూ. ఆఖరి పడవ తాడు విప్పుతుండగా ఎక్కాం. ఎక్కాక కూడా నా ఫోనే కరెక్టని నిరూపించబోయాను, పడవలో ఎవరూ వినలేదు.

దిగే ముందురాత్రి పెద్ద పెట్టెలు గది బయట పెట్టేయాలి, పొద్దున టెర్మినల్లో తీసుకోవాలి. మర్నాడు వేసుకునే బట్టలు మాత్రం విడిగా ఉంచుకోండి. తెల్లారి నిచ్చెన దిగేసరికి నా ఒంటి మీద లుంగీ, బనీను. బట్టల పెట్టె నాకంటే ముందే దిగిపోయింది. అలమరాలో ఒక్కటే వేలాడుతోంది: కాస్ట్యూమర్‌కి మడత నలగకుండా తిరిగివ్వాలని విడిగా ఉంచిన షేర్వాణీ.

పొద్దున ఏడింటికి సింగపూర్ ఇమిగ్రేషన్ లైన్లో, చెడ్డీలూ టోపీలూ వేసుకున్న జనం మధ్య, రాళ్ళ కాలరుతో, ఒక చేత్తో రసీదు మీద విడిపించుకున్న కుక్కరు పట్టుకుని, వీపు గోడకి ఆనించి నిలబడ్డాను. ముందున్న కుటుంబం మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తోంది. కూకట్‌పల్లి వాళ్ళట. చివరికి ఆ ఇంటాయన ధైర్యం చేసి వచ్చాడు. "సార్, మిమ్మల్ని ఎక్కడో చూశాం. మీరు సినిమాల్లో చేస్తారు కదా? పిల్లలు ఒక సెల్ఫీ అడుగుతున్నారు."

ఇన్నేళ్ళ ఫిలింనగర్ కాపురంలో నన్నెవరూ అలా అడగలేదు. కుక్కరు మా ఆవిడకిచ్చి, గోడకి వీపు ఆనించే నవ్వాను. వాళ్ళు ఒకటి తీసుకున్నారు, ఇంకోటి తీసుకున్నారు. "ఏ కారెక్టర్ సార్?" అన్నాడాయన. నేను గొంతు సవరించుకునేలోపే అత్తయ్యగారు వెనకనుంచి అందుకున్నారు.

"విలన్ తమ్ముడు, నాయనా. సీను నలభై రెండు."